కొత్త కారు కొనేటప్పుడు మనం అడగని ప్రశ్నలు

కారు కొనడం మగవాళ్ల వ్యవహారం అని ఎవరు నిర్ణయించారో తెలియదు గానీ, చాలా ఇళ్లల్లో అలాగే సాగిపోతోంది. షోరూమ్‌కి మనల్నీ తీసుకెళ్తారు, కాఫీ ఇస్తారు, "ఏ కలర్ నచ్చింది మేడమ్?" అని అడుగుతారు. రంగు చెప్పేశాక మన పని అయిపోయినట్టే. మళ్లీ డెలివరీ రోజు కొబ్బరికాయ, నిమ్మకాయలు సర్దడానికే పిలుస్తారు.

అదే మిక్సీ కొంటే? వారంటీ కార్డు మీద షాపు స్టాంపు వేయించి, బిల్లుతో పిన్ను కొట్టి బీరువాలో దాచేది మనమే. కుక్కర్ కొన్నా గ్యాస్కెట్ మన ఊళ్లో దొరుకుతుందా లేదా అని ముందే కనుక్కుంటాం. అయిదు వేల వస్తువు దగ్గర ఇంత ఆలోచించేవాళ్లం, పది లక్షల వస్తువు దగ్గర రంగు చెప్పి ఊరుకోవడం ఏం న్యాయం?

మా ఇంట్లో ఇప్పుడు ఈ మాటే నడుస్తోంది. పాత కారుకి పదకొండేళ్లు నిండాయి, దసరాకి మార్చాలి. అమ్మాయి ఇంటర్ సెకండియర్, వచ్చే ఏడు ఇంజనీరింగ్ ఫీజు మొదలవుతుంది. మా వారేమో ఏడేళ్ల లోన్ పెడితే నెలకి తేలిగ్గా ఉంటుంది, పెద్ద కారే తీసుకోవచ్చు అంటున్నారు. నాకు కావలసింది మాత్రం ఆ కారు పదేళ్లలో మా ఇంటి నుంచి మొత్తం ఎంత పట్టుకెళ్తుందన్న లెక్క.

ముందు ఆ ఏడేళ్ల లోన్ సంగతి. ఎనిమిది లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకున్నామనుకోండి. అయిదేళ్లకైతే నెలకి సుమారు 16,600 కట్టాలి, ఏడేళ్లకైతే సుమారు 12,900. చూడ్డానికి 3,700 మిగిలినట్టే ఉంటుంది. కానీ మొత్తం వడ్డీ అయిదేళ్లకి 1 లక్షా 96 వేలయితే, ఏడేళ్లకి 2 లక్షల 81 వేలు. ఎనభై అయిదు వేలు ఊరికే పోతున్నాయి. నన్ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఇంకొకటి ఉంది. చాలా కార్లకి కంపెనీ వారంటీ మూడేళ్లు. ఏడేళ్ల ఈఎమ్ఐ అంటే, వారంటీ అయిపోయాక కూడా నాలుగేళ్లు కడుతూనే ఉంటాం. ఆ నాలుగేళ్లలోనే గేర్‌బాక్స్ పోయినా, ఏసీ కంప్రెసర్ పోయినా ఈఎమ్ఐతో పాటు రిపేరు ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది. సరిగ్గా అమ్మాయి ఫీజులు కట్టే ఏళ్లు అవి. అందుకే నా పట్టుదల ఒక్కటే. వారంటీ ఎన్నేళ్లో లోన్ కూడా దాదాపు అన్నేళ్లే ఉండాలి. లోన్ తగ్గించడం కుదరకపోతే వారంటీ పెంచుకోవాలి, అదీ కుదరకపోతే చిన్న కారు చూసుకోవాలి.

వారంటీ పెంచుకోవడం అంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ. మా ఆడపడుచు వాళ్లు కారు తీసుకున్నప్పుడు దానికి వద్దన్నారు. ఆ డబ్బుతోనే సీటు కవర్లు, క్రోమ్ పట్టీలు, డోర్ల దగ్గర వెలిగే లైట్లు పెట్టించుకున్నారు. మూడేళ్ల రెండు నెలలకి టచ్ స్క్రీన్ చచ్చిపోయింది. రివర్స్ కెమెరా, పాటలు, అన్నీ అందులోనే మరి. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిన రేటు విని మా అన్నయ్యగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పటి కార్లలో ఇంజన్ కంటే ఈ ఎలక్ట్రానిక్ సామాన్లంటేనే నాకు భయం. మన వీధి చివరి మెకానిక్ వాటిని బాగుచెయ్యలేడు, మొత్తం తీసి కొత్తది పెట్టాలంటారు. పైగా ఈ అదనపు వారంటీని సాధారణంగా అసలు వారంటీ ఉన్నప్పుడే తీసుకోవాలి. అయిపోయాక అడిగితే ఇవ్వరు.

వారంటీ పుస్తకం డెలివరీ రోజు గ్లవ్ బాక్స్‌లో పెట్టి ఇస్తారు. ఒక్కసారి తీసి చదవండి. ఏళ్లు, కిలోమీటర్లు రెండూ రాసి ఉంటాయి, ఏది ముందయితే అక్కడితో సరి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు లాంటి అరిగేవి అందులో రావు. టైర్లకి, మామూలు బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరేగా ఉంటుంది. సర్వీసులు చెప్పిన సమయానికి చేయించి బిల్లులు దాచాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. బయట షాపులో వైర్లు కోసి హారన్లు, లైట్లు పెట్టిస్తే ఎలక్ట్రికల్ వారంటీకి నీళ్లొదులుకున్నట్టే. ఎలుకలు వైర్లు కొరికినా వారంటీలో రాదు.

ఇంకో మాట. వారంటీ వేరు, ఇన్సూరెన్స్ వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉండిపోయాయో మనం చూశాం. వరద నష్టానికి వారంటీ పనికిరాదు. ఇన్సూరెన్స్ ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్‌లోకి నీళ్లు లాగితే, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకుండా ఆ ఇంజన్ డబ్బు రావడం కష్టం. మన ఊళ్లకి సన్‌రూఫ్ కంటే ఆ కవరే ముఖ్యమని నా అభిప్రాయం. మా వారికి నచ్చదు, తెలుసు!

అలాగే మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం డబ్బే ఇస్తారు. బంపర్ మొత్తం ప్లాస్టిక్కే కదా, అందుకే మొదటి అయిదేళ్లూ జీరో డిప్రిసియేషన్ తీసుకోవడం మంచిది. పాత కారు అమ్మేవాళ్లు నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. ఆ బోనస్ కారుది కాదు, మనది. కొత్త కారుకి వాడుకోవచ్చు. అమ్మేసిన కారుతో పాటే అది పోయిందనుకుని చాలామంది వదిలేస్తున్నారు.

పెట్రోలా డీజిలా అన్న వాదన కూడా కాగితం మీద పెడితే తేలిపోతుంది. నెలకి 600 కిలోమీటర్లు తిరుగుతామనుకుందాం. పెట్రోలు లీటరు 110, పదహారు కిలోమీటర్లు ఇస్తే నెలకి 4,125. డీజిల్ 97, ఇరవై ఇస్తే 2,910. నెలకి మిగిలేది 1,215. డీజిల్ కారు లక్షన్నర ఎక్కువయితే ఆ లక్షన్నర వెనక్కి రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. రోజూ యాభై, అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి లెక్క వేరు. మనలా బడి, బజారు, పండక్కి ఊరు అనుకునేవాళ్లకి మాత్రం గిట్టదు.

అమ్మేటప్పటి ధర గురించి కూడా ముందే ఆలోచించాలి. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కలోనే కారు మొదటి ఏడు దాటకుండానే 15 శాతం తగ్గుతుంది, అయిదో ఏటికి సగం అవుతుంది. డిసెంబరులో డిస్కౌంట్ అని ఊరిస్తారు. తీసుకోవచ్చు, కానీ నెల తిరక్కుండానే అది పోయినేటి బండి అవుతుంది, అమ్మేటప్పుడు కొనేవాళ్లు తయారైన సంవత్సరమే చూస్తారు. పదేళ్లు ఉంచుకునేవాళ్లకి ఆ డిస్కౌంట్ లాభం, నాలుగేళ్లకి మార్చేవాళ్లకి కాదు.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. పోయిన ఆదివారం మా అత్తగారిని తీసుకెళ్లాం. మోకాళ్ల నొప్పులు ఆవిడకి. మా వారు ముచ్చటపడ్డ ఎత్తు బండి ఒకసారి ఎక్కి దిగి, "నన్నిందులో ఎక్కించాలంటే పీట కూడా కొను నాయనా" అన్నారు. లిస్టులోంచి ఆ కారు తీసేశాం.