ఆ వెలుతురులో ఎవరిని నిలబడనిచ్చారు?

మా యూనివర్సిటీలో మొన్న ఒక ఫొటో ప్రదర్శన పెట్టారు. బొంబాయి గిరణ్‌గావ్‌లో మూతబడిన బట్టల మిల్లులు. చిమ్నీలు, తుప్పుపట్టిన ఇనుప స్తంభాలు, గోడల్ని చీల్చుకుని మొలిచిన రావిమొక్కలు. జనం ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఒక నేత షెడ్డు ఫొటో ముందు. రంపపు పళ్ళలా వరసగా లేచిన పైకప్పు, ఉత్తరం వైపు అద్దాల్లోంచి దిగుతున్న మెత్తటి వెలుతురు. కింద లాంకషైర్ శైలి గురించి రాశారు, లెన్స్ వివరాలు కూడా ఇచ్చారు. కులం మాట లేదు.

ఆ పైకప్పు అందం కోసం కట్టింది కాదు. సూటిగా ఎండ పడకుండా, ఒకే తీరు వెలుతురులో నేతగాడికి తెగిన పోగు కనబడాలని కట్టింది. ఆ వెలుతురులో మగ్గం ముందు నిలబడే అవకాశం అంటరాని కార్మికుడికి ఇవ్వలేదు. నాడెలో కండె అయిపోతే కొత్త కండె పెట్టి, పోగును నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. ఇవాళ ఒకరు పీల్చిన నాడె రేపు ఇంకొకరి నోటి దగ్గరికి వస్తుంది. మహర్ల ఎంగిలి తమకు అంటుతుందని సవర్ణ కార్మికులు వాళ్ళను నేత విభాగంలోకి రానివ్వలేదు. మెరుగైన కూలి దొరికేది అక్కడే. దళితులకు మిగిలింది ఎక్కువగా రింగ్ స్పిన్నింగ్, తక్కువ కూలి.

ఇది నేను కొత్తగా తవ్వి తీసిన సంగతి కాదు. పరేల్ బీఐటీ చాల్‌లో, మిల్లు కార్మికుల మధ్య 20 ఏళ్ళకు పైగా కాపురమున్న బాబాసాహెబ్‌కు ఇది కళ్ళెదుటి విషయం. 1928 సమ్మెలో దీన్ని డిమాండ్లలో చేర్చాలని పట్టుబట్టారు. చేర్చకపోతే మావాళ్ళను సమ్మెకు దూరంగా ఉండమంటానని హెచ్చరిస్తే గాని కమ్యూనిస్టు నాయకులు కదల్లేదు. యజమానుల ముందు పెడితే, ఇది అన్యాయమే అయినా బాధ్యులం మేం కాదన్నారు. ఆ గోడను యజమానులు కట్టలేదు, నిజమే. హాయిగా వాడుకున్నారు.

ప్రదర్శనలో 1982 సమ్మె మీద ఒక ప్యానెల్ ఉంది. దాదాపు రెండున్నర లక్షల మంది బతుకులు కూలిన సమ్మె అది, చెప్పుకోవాల్సిందే. కానీ అందులోనూ ‘కార్మికుడు’ అనే ఒక్కడే ఉన్నాడు. వాడికి ఊరు లేదు, వాడ లేదు.

‘అన్నిటిలోనూ కులమేనా, అందాన్ని చూడనివ్వరా?’ అని ఫొటోలు తీసిన మిత్రుడు విసుక్కున్నాడు. చూడు బాబూ, నాకూ ఆ స్తంభాలు నచ్చాయి. కానీ దానికి ‘మన వారసత్వం’ అని బోర్డు పెట్టాక, ఆ ‘మన’లో ఎవరున్నారో అడుగుతాం. దాదర్‌లో చైత్యభూమికి దగ్గరగా ఉన్న ఇందూ మిల్లు ప్రస్తావన వస్తే, మంచి షెడ్లు పోయాయని అతను నొచ్చుకున్నాడు. 2011 డిసెంబర్ 6న మావాళ్ళు ఆ మిల్లులోకి ట్రైపాడ్లు పట్టుకుని పోలేదు. బాబాసాహెబ్ స్మారకానికి ఆ నేల కావాలని పోయారు. శిథిలం ఒకరికి ఫ్రేమ్, ఇంకొకరికి రావాల్సిన బాకీ.

కాలాచౌకీలోని ఇండియా యునైటెడ్ మిల్లులో టెక్స్‌టైల్ మ్యూజియం అంటున్నారు. అక్కడ మగ్గాలు పెడతారు, చిమ్నీకి దీపాలు పెడతారు. ఒక నాడెను కూడా పెట్టండి. దాన్ని ఎవరి నోటికి తగలనివ్వలేదో పక్కనే మరాఠీలో, మిల్లు పనికి వలసపోయిన మనవాళ్ళ కోసం తెలుగులో కూడా రాయండి.