తొంభై రోజుల లెక్క ఎవరి దగ్గర?

హైదరాబాద్ కూకట్‌పల్లి కూలీల అడ్డాలో పొద్దున ఏడింటికి బండి ఆపితే చాలు, పదిమంది తాపీ మేస్త్రీలు చుట్టుముడతారు. పది దాటాక అక్కడ మిగిలేవి సంచుల్లో సర్దిన తాపీలు, రసమట్టాలు, వాడిపోయిన ముఖాలు. ఆ అడ్డాను ఫోన్లోకి తెచ్చామంటున్న యాప్‌లు ఇప్పుడు కొత్త హంగులు దిద్దుకుంటున్నాయి. టైల్స్, సెంట్రింగ్, రాడ్ బెండింగ్ అంటూ పనుల వారీ జాబితాలు, దగ్గర్లో ఎవరున్నారో చూపే మ్యాపు, నైపుణ్యానికి ధ్రువీకరణ ముద్ర, పని ముగిశాక నక్షత్రాల రేటింగు.

ఇందులో మేలు లేదనలేం. కూలి ముందే తెరమీద కనిపిస్తే నడిరోడ్డు బేరం తప్పుతుంది. మధ్యవర్తి కోసుకునే కమీషన్ తగ్గుతుంది. బస్సు చార్జీ పెట్టుకొచ్చి ఉత్త చేతులతో తిరిగెళ్లే రోజులు కొన్నయినా తగ్గుతాయి.

కానీ ఈ హంగులు ఎక్కువగా ఒకవైపే చూస్తాయి. ప్లాస్టరింగ్ అయ్యాక వారం రోజులైనా గోడకు నీళ్లు పట్టాల్సింది ఇంటివాళ్లు. వాళ్లు ఎగ్గొడితే గోడ నెర్రెలు బారుతుంది, నక్షత్రం రాలేది మాత్రం మేస్త్రీకి. ఒప్పుకున్న కూలిలో రెండొందలు కోసిన యజమాని చరిత్ర కూడా మేస్త్రీకి ముందే తెలియాలి కదా!

అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. 1996 నాటి చట్టం నుంచి వస్తున్న నియమం ప్రకారం నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరెక్కాలంటే అంతకుముందు ఏడాదిలో కనీసం 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం, పిల్లల చదువుకు సాయం ఆ నమోదు ఉంటేనే. డబ్బుకు కొరత లేదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు ఇందుకే వసూలవుతోంది. వేల కోట్లు ఖర్చు కాకుండా మూలుగుతున్నాయని 2018లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

అడ్డా కూలీ ఇవాళ మియాపూర్‌లో, రేపు ఉప్పల్‌లో పనిచేస్తాడు. రోజుకో యజమాని మారితే 90 రోజులు పనిచేశాడని సంతకం పెట్టేదెవరు? ఎవరు, ఏ తేదీన, ఎక్కడ, ఎంత కూలికి పనిచేశారన్న పద్దు యాప్‌లో ఎలాగూ ఉంటుంది. కార్మికుడు సరేనంటే అది నేరుగా బోర్డుకు చేరాలి, అసంఘటిత కార్మికుల జాతీయ నమోదైన ఈ-శ్రమ్‌లో అతని నంబరుకు జతపడాలి. రావాల్సిన అసలు కొత్త ఫీచర్ ఇదే.

దీనికి చట్టంలోని చిల్లు కూడా పూడ్చాలి. పదిమంది లోపు కూలీలతో సాగే పని 1996 చట్టం పరిధిలోకి వచ్చేది కాదు. యాప్‌లో పిలిచేది సాధారణంగా అలాంటి పనులకే: బాత్రూం టైల్స్, ప్రహరీ గోడ, మేడమీద గది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ మినహాయింపును అలాగే ఉంచింది. అదే కోడ్, అగ్రిగేటర్ సంస్థలు (యాప్‌ల ద్వారా సేవలు కుదిర్చేవి) టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కార్మికుల సామాజిక భద్రతకు చెల్లించాలంటోంది. మేస్త్రీలను కుదిర్చే యాప్‌లు ‘మేం కలిపేవాళ్లమే, పని ఇచ్చేవాళ్లం కాదు’ అని తప్పించుకునే వీల్లేకుండా ప్రభుత్వం నిబంధనల్లోనే స్పష్టంగా రాయాలి.

సాయంత్రం కూలి డబ్బులతోపాటు ఆ రోజు లెక్క కూడా మేస్త్రీ ఖాతాలో జమ కావాలి. అది జరగనంత కాలం యాప్ అంటే యజమానికి ఎండ తగలకుండా నడిచే అడ్డా, అంతే.