క్రైస్తవారాధన పరమార్థము

క్రైస్తవ దేవాలయములలో ఆదివారమున జరుగు ఆరాధన యెందులకు అను ప్రశ్న అన్యమతస్థులకే కాక, చిన్ననాటినుండి ఆ బల్లలపై కూర్చుండిన క్రైస్తవులకును అప్పుడప్పుడు కలుగుచుండును. ప్రసంగము వినుటకా? వ్యాధి, వ్యాజ్యము, పరీక్ష, పెండ్లి మొదలగు విషయములలో దైవసహాయము నర్థించుటకా? కీర్తనలు పాడి మనశ్శాంతి బడయుటకా? ఇవన్నియు ఆరాధనలో ఇమిడియున్నవే. కాని వీనికొరకు మాత్రమే యైనచో పదిమంది యొకచోట గూడవలసిన పని లేదు. ఇంటనే గ్రంథము చదువుకొని, ప్రార్థించి, పాడుకొనవచ్చును. పదిమంది కూడుటయే ఆ మతమునందు విధియగుటకు కారణమేమి? ఒకే తండ్రికి బిడ్డలమని చెప్పుకొనువారు ఒక కుటుంబముగా ఆయన యెదుట నిలుచుటయే ఆ యారాధనకు ప్రాణమనియు, ఆ నిలుచుట యబద్ధమైనచోట తక్కినదంతయు శబ్దమాత్రముగా మిగులుననియు మా యభిప్రాయము. ఈ సంగతిని వేదాంతగ్రంథములకంటె దక్షిణదేశపు చరిత్ర మనకు తేటగా బోధించుచున్నది.

పాశ్చాత్య క్రైస్తవులు ఆరాధనక్రమమునకు వాడు లితుర్జియా అను మాట గ్రీకుల లెయితూర్గియా నుండి వచ్చినది. ఏథెన్సు నగరమున ధనికుడగు పౌరుడు తన సొమ్ము వెచ్చించి యుద్ధనౌకను సిద్ధపరచినను, నాటకోత్సవమునకు గాయకబృందమును పోషించినను, దానికి లెయితూర్గియా యని పేరు. అనగా ప్రజలకొరకు చేయు సేవ. దేవుని సేవ యని మన వాడుకలో నున్న మాట దీనికి దూరము కాదు. క్రీ. శ. 150 ప్రాంతమున రోమునగరమున నుండిన జస్టిను అను తత్త్వవేత్త, క్రైస్తవులపై నిందలను తొలగింపగోరి చక్రవర్తికి పంపిన విజ్ఞాపనములో నాటి ఆదివారపు కూటమును వర్ణించియున్నాడు. పట్టణవాసులును పల్లెవాసులును ఒక్కచోట చేరుదురట. అపొస్తలుల స్మృతులో ప్రవక్తల గ్రంథములో చదువుదురట. పెద్ద హితము చెప్పును. అందరును లేచి ప్రార్థింతురు. రొట్టెయు ద్రాక్షారసమును పంచుకొందురు. రాలేనివారికి పరిచారకులు ఇంటికి కొనిపోయి యిత్తురు. కలిగినవారు తమకు తోచినది యిచ్చెదరు. దానితో అనాథలను, విధవలను, రోగులను, చెరసాలలోనివారిని, పరదేశులను పెద్ద ఆదుకొనును. ఇందులో ఆరాధన యెచ్చట ముగిసి ధర్మకార్యము ఎచ్చట మొదలైనదో వేరుచేయుట యసాధ్యము. దీనికి నూరేండ్లకు ముందే, కొరింథు పట్టణమున ధనికులు ముందుగా వచ్చి తృప్తిగా భుజింపగా బీదలు ఆకలితో నిలిచిరని విని, మీరు తినునది ప్రభుభోజనమే కాదని పౌలు కఠినముగా వ్రాసెను. రొట్టె సరియైనదే, మంత్రము సరియైనదే. లోపము భోజనపంక్తిలో నున్నది!

ఇక మన దేశమునకు వత్తము. విరుదునగరు దాటి, సాతూరు, కోవిల్‌పట్టి మీదుగా తిరునల్వేలికి పోవు రైలుమార్గమున కిరువైపుల నల్లరేగడి భూములు. అచ్చట మనవారు లక్షోపలక్షలుగా నున్నారు: కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు. విజయనగర, మధుర నాయకుల కాలమునుండి వచ్చి స్థిరపడి, ఇంట తెలుగు పలుకుచు వీధిలో తమిళము పలుకుదురు. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసేవలు గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ తన గోపల్లగ్రామము అను తమిళ నవలలో ఈ వలసకథను చెప్పియుండుట విజ్ఞులెరిగినదే. ఆ పట్టణమునకే చేరువగా కామనాయక్కన్‌పట్టి అను ప్రాచీన క్రైస్తవకేంద్రము కలదు. పేరులోనే నాయకుల జాడ. తమిళులు వీరమాముని యని గౌరవించు బెస్కీ గురువు (1680–1747) ఇచ్చట పనిచేసెను.

ఈ ప్రాంతపు క్రైస్తవమునకు మూలమైన మధుర మిషనును నడిపిన రాబర్టు డి నొబిలీ 1606లో మధురకు వచ్చి, తమిళ సంస్కృతములతోపాటు తెలుగును నేర్చెను. రాజ్యమేలువారు తెలుగువారు కదా. ఆతడు కాషాయము ధరించి, మాంసము విడిచి, బ్రాహ్మణ సన్న్యాసివలె జీవించెను. పరదేశపు వేషభాషలు మతమునకు అవసరము కావని నిరూపించిన యా సాహసము మెచ్చదగినది. కాని దానివెంట నొక చిక్కు వచ్చినది. అగ్రవర్ణముల కొరకు సన్న్యాసి గురువులు, తక్కినవారి కొరకు పండారస్వాములు అను రెండు తెగల గురువులేర్పడిరి. గురువులే వేరైన తరువాత శిష్యులు కలియుట యెట్లు?

ఈ యాచారములపై నూరేండ్లు వివాదము జరిగిన పిమ్మట, 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు, ఉన్నతులును నీచులనబడువారును ఒకే ఆలయమున ఒకే సమయమున పూజలో పాల్గొనవలెనని శాసించెను. శాసనము పాటింపబడినది. ఎట్లనగా, ఒకే ఆలయములో మధ్య అడ్డుకట్టలు వెలసినవి, ద్వారములు వేరైనవి. న్యాయవాదవృత్తిలోనున్న మన పాఠకులు ఈ యుపాయమును చూచి నవ్వుకొనక మానరు. ఆజ్ఞలో అక్షరము మిగిలినది, అర్థము గోడక్రింద పడినది. ఇట్టి యేర్పాటులలో కెల్ల ప్రసిద్ధమైనది, కోవిల్‌పట్టికి చాల దక్షిణముగా కన్యాకుమారికి సమీపమునున్న వడక్కన్‌కుళము దేవాలయము. 1870 తరువాత అచ్చట కట్టిన యాలయమునకు రెండు పొడవైన శాలలు. రెండును బలిపీఠమునొద్ద కలియును. ఒకదానిలో వెళ్ళాళులు, రెండవదానిలో నాడార్లు మొదలగువారు. గురువు ఇరువురికిని కనబడును; వీరికి వారు కనబడరు. దేవునివైపు ఒక కిటికీ, పొరుగువానివైపు గోడ!

ఈ వడక్కన్‌కుళములోనే 1745లో జ్ఞానస్నానము పొందిన దేవసహాయము పిళ్ళ, కులభేదము పాటింపక అందరితో కలసినవాడని పేరొంది, 1752లో ప్రాణమర్పించి, 2022 మే 15న రోములో పునీతుడుగా ప్రకటింపబడెను. అతడు జ్ఞానస్నానము పొందిన యూరిలో అతని తరువాత నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట అట్టి గోడ లేచినది.

1910 ప్రాంతమున కొసానెల్ అను ఫ్రెంచి గురువు ఆ గోడను పడగొట్టించెను. వెళ్ళాళ క్రైస్తవులు న్యాయస్థానమున కెక్కిరి. ప్రత్యేకముగా కూర్చుండుట తమ చిరకాలపు హక్కు అని వారి వాదము. ఆ దశకమునందే మదరాసు హైకోర్టు దానిని త్రోసివేసినది. హక్కు అను మాట ఇచ్చట గమనింపదగినది. దేవుని సన్నిధిలో నాకు పొరుగువాడు కనబడకుండుట నా హక్కు అని ఒకడు న్యాయాధిపతి యెదుట నిలిచి వాదించినప్పుడు, ఆతడు ప్రతి ఆదివారము చేసినది ఏమి? మోకరించెను, నిజమే. గానము చేసెను, ఉపవసించెను, కానుక వేసెను. అతని భక్తి కపటమని మేమనము. కన్నీరు కార్చి ప్రార్థించినవారు ఆ శాలలో నెందరో యుండియుందురు. అందుచేతనే యీ కథ భయంకరమైనది. నిజమైన భక్తియు, నిజమైన గోడయు, ఒకే పైకప్పు క్రింద నలువదేండ్లు నెగ్గుకొని వచ్చినవి.

దీనికి ఒక యాక్షేపణ కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆరాధన దేవుని మహిమకొరకే కాని సంఘసంస్కారమునకు సాధనము కాదనియు, కులము, ఆర్థికము మొదలగు లౌకికవిషయములను బలిపీఠమునొద్దకు లాగినచో ఆరాధన సభోపన్యాసమై పోవుననియు కొందరు పెద్దలు చెప్పుదురు. ఇందు సగము నిజము. ఆరాధనను దేనికైన సాధనముగా వాడినచో, ఎంత మంచి కార్యమునకైనను సరే, అది చెడును. మౌనముగా దేవుని యెదుట నిలుచుటకు వేరే ప్రయోజనము చెప్పనక్కరలేదు. ఐనను యేసు తన కొండప్రసంగమున, కానుకను బలిపీఠమునొద్ద విడిచి ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని నేర్పెను గదా. దీనిని బట్టి సహోదరుని విషయము ఆరాధనకు తరువాత చేయు సత్కార్యము కాదు, దానికి ముందుండు షరతు. మహిమ దేవునిది, కాని ఆయనను తండ్రీ యని పిలుచు నోరు, ఆ పిలుపుతోడనే ప్రక్కవానిని అన్నా, తమ్ముడా యని ఒప్పుకొనుచున్నది.

ప్రొటెస్టంటులు ఈ విషయమున తాము మేలని తలచరాదు. 1833లో కలకత్తా బిషప్పు డేనియలు విల్సను దక్షిణదేశపు సంఘములలో కులభేదము తక్షణమే అంతమొందవలెనని ఉత్తరువు చేయగా, తంజావూరు, మదరాసు సంఘములనుండి అనేకులు వెడలిపోయిరి. తమిళ క్రైస్తవగానమునకు ప్రాణము పోసిన తంజావూరు వేదనాయగ శాస్త్రి (1774–1864) అంతటివాడు కులాచారమును సమర్థించెను. మధురగానము గోడను కరగింపదు.

ఆ గోడవెనుక నున్న నాడార్లే వేరొక ద్వారమునొద్ద ఏమి యనుభవించిరో విరుదునగరు ప్రాంతమువారు చెప్పగలరు. 1897లో కముదిలో ఆలయప్రవేశము చేసిన నాడార్లపై రామనాడు రాజు వ్యాజ్యము వేయగా, అది ప్రీవీకౌన్సిలు వరకు పోయి 1908లో వారికి ప్రతికూలముగా ముగిసెను. 1899 జూనులో శివకాశి దోపిడి, రక్తపాతము ఈ కలహమునుండి పుట్టినవే. మధుర మీనాక్షీ ఆలయద్వారము 1939 జూలై 8న గాని తెరువబడలేదు. హిందువునకు గుడి వెలుపల గోడ, క్రైస్తవునకు గుడి లోపల గోడ. కట్టినది మాత్రము ఒకే తాపీ.

ఇట్టి నాడారు కుటుంబమున, తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున 1874లో జన్మించిన వేదనాయగము శామ్యూలు అజరయ్య మన తెలుగుదేశమునకు వచ్చెను. ఆతడును సహచరులును 1903లో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించి, దేశీయుల ధనముతో, దేశీయుల చేతులతో నడపుచు, నిజాము రాజ్యమందలి దోర్నకల్లును తమ క్షేత్రముగా నెన్నుకొనిరి. 1912 డిసెంబరు 29న అజరయ్య కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయుడయ్యెను. ఆతని సంఘములో అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు. వీరిలో వీరికే పొత్తు లేని కాలమది. ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనుట వారికి ఎంతటి పరీక్షయో, మనవంటి చదువరులు ఊహించుట కష్టము. పుస్తకములలో మనము ఐకమత్యమని వ్రాయుదుము. వారు దానిని పెదవులతో తాకవలసివచ్చెను. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమున గుమ్మటములును, హిందూ మండపముల పోలికగల స్తంభములును కలసి నిలిచియున్నవి. అజరయ్య 1945 జనవరి 1న మరణించెను.

భాషావిషయమున ఒకమాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు లేకున్నచో తెలుగు క్రైస్తవునకు ఆరాధన పరాయియింటి విందువలె నుండెడిది. రోమను కతోలికులకు స్వభాషలో పూజ జరుపుకొను వెసులుబాటు 1963 డిసెంబరు 4న రెండవ వాటికను సభ యామోదించిన శాసనముతో గాని రాలేదు. మాతృభాషలో దేవుని పిలుచుట గొప్ప మేలు, సందేహము లేదు. కాని చెన్నపట్టణపు తెలుగు సంఘములవారు దీనినే పరమార్థముగా భావింపరాదు. తమిళ పొరుగువానినుండి వేరగుటకు భాష ఒక సాకుగా మారినచో, వడక్కన్‌కుళపు గోడకు మరియొక రూపమగును.

కానుకవిషయమును మరువరాదు. విరుదునగరమున హిందూ నాడారు గృహిణులు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచగా, ఆ బియ్యముతో పాఠశాల నడచినది. కామరాజు చదివినది ఆ పాఠశాలలోనే. ఇదే పిడికెడు బియ్యపు ఆచారము మన తెలుగు క్రైస్తవ గృహములలోను కలదు. ఆదివారమున బలిపీఠముచెంత గుమ్మరింపబడు ఆ బియ్యములో ఎవరి పిడికెడు ఏదో యెవరు చెప్పగలరు? ఏథెన్సువారి లెయితూర్గియాకు మనదేశమున ఇంతకంటె చక్కని యుదాహరణ మాకు కనబడలేదు.

1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణపు సెంట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆ సంఘము 1950లో ప్రకటించిన ప్రభుభోజన క్రమములో ఒక చిన్న విధి కలదు. సిరియను క్రైస్తవుల యాచారమునుండి గ్రహించినది. గురువు సమాధానమును తన రెండుచేతులనడుమ ఒకని కందించును. అతడు ప్రక్కవానికి, వాడు ఆవలివానికి, ఇట్లు చేతినుండి చేతికి చివరి వరుస వరకు పోవును. తరువాతనే రొట్టె. ప్రపంచమందలి పెక్కు సంఘములవారు దీనిని చూచి తమ క్రమములను దిద్దుకొనిరి. ఈ యొక్క క్రియను సక్రమముగా జరుపుట, గంటసేపు ధ్వనివర్ధకములతో చేయు సంకీర్తనముకంటె కష్టమని మేము చెప్పుదుము. నేడు మహానగరములలో దీపములు, వాద్యములు, స్వస్థతల ప్రకటనలు పెరిగి, ఆరాధన ప్రదర్శనమువలె మారుచున్నచోట, వచ్చిన వేలమంది ఒకరి పేరొకరు అడుగకయే యింటికి పోవుచున్నారు. గోడ యక్కరలేకయే గోడపని జరుగుచున్నది.

పాత గోడలును పూర్తిగా పోలేదు. 2008 మార్చిలో, అప్పటి విళుప్పురము జిల్లాలోని ఎరైయూరు గ్రామమున, వివక్షకు విసిగిన దళిత క్రైస్తవులు తమకు వేరు విచారణ కావలెనని కోరగా కలహము రేగి, పోలీసు కాల్పులలో ఇరువురు మరణించిరి. అవమానము భరింపలేక వేరుపడగోరినవారిని, అవమానించుటకై గోడ కట్టినవారితో సమానముగా నిందించుట అన్యాయము. శ్మశానవాటికలలో కులమునుబట్టి వేర్వేరు చోటులు గల గ్రామములు తమిళదేశమున నేటికిని కలవు. ఆయా మండలములను పాలించు బిషప్పులు ముందుగా చేయవలసిన పని, అట్టి గ్రామముల పట్టికను తామే తయారుచేయించి ప్రకటించుట. ఊరేగింపు ఏ వీధివరకు పోయి ఏ వీధియొద్ద మరలుచున్నదో అందు వ్రాయవలెను. సమాధానపు చేయి ఏ వరుసయొద్ద ఆగుచున్నదో ఆ సంఘపు పెద్దలను అడిగి తెలిసికొని, ఉత్సవమునకు తేదీ నిర్ణయించుటకు పూర్వమే ఆ వరుసవారితో మాటలాడవలెను.