కాలువ కాంట్రాక్టు ఎవరికి, కాలువలో దిగే పని ఎవరికి?

సుప్రీంకోర్టు భవనం ‘ఎఫ్’ గేటు బయట మనుషులు కాలువను చేతులతో శుభ్రం చేస్తున్న ఫొటోలు 2025 ఆగస్టులో అదే కోర్టు ముందుకు వచ్చాయి. వాళ్లకు రక్షణ పరికరాలు లేవు. వాళ్లలో ఒకరు మైనరు. అంతకు ఆరు నెలల ముందే, జనవరి 29న, ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో మురుగు కాలువల్లోకి మనుషులను దింపడం పూర్తిగా ఆపాలని ఇదే కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం కోర్టు గేటు దాకా కూడా చేరలేదు.

సెప్టెంబరులో ఢిల్లీ ప్రజాపనుల శాఖకు కోర్టు రూ.5 లక్షల జరిమానా వేసింది. ఆ సొమ్మును జాతీయ సఫాయి కర్మచారుల కమిషన్‌కు జమ చేయాలని చెప్పింది. ఇలాంటిది మళ్లీ జరిగితే అధికారుల మీద ఎఫ్‌ఐఆర్‌కు ఆదేశించాల్సి వస్తుందని హెచ్చరించింది. వార్త అక్కడితో ముగిసింది. మా ప్రశ్న మాత్రం అక్కడే మొదలవుతుంది. ప్రభుత్వ భవనం చుట్టూ కాలువ పని టెండరు పిలిచిన రోజు నుంచి ఒక మనిషి ఆ కాలువలో దిగే రోజు వరకు ఎన్ని సంతకాలు పడతాయి? ఆ సంతకాలు పెట్టేవాళ్లెవరు, దిగేవాళ్లెవరు?

టెండరు కాగితంలో ఏముంటుంది

కాలువ పనికి ముందు ఇంజినీరు ఎస్టిమేటు వేస్తాడు. తవ్వకం ఇన్ని ఘనపు మీటర్లు, కాంక్రీటు ఇంత, ఇనుము ఇంత, పైపులు ఇన్ని అని లెక్క కడతాడు. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు పిలుస్తారు. ధరావతు కట్టగలగాలి, గతంలో ఇలాంటి పనులు చేసి ఉండాలి, నిర్ణీత టర్నోవర్ చూపాలి. అర్హత దాటినవాళ్లలో అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1కు పని దక్కుతుంది.

ఎస్టిమేటు కంటే పది, పదిహేను శాతం ‘లెస్’కు పని తీసుకున్న కాంట్రాక్టరు ఆ డబ్బు ఎక్కడ మిగుల్చుకోవాలి? సిమెంటు, ఇనుము తూకానికి, కొలతకు వస్తాయి. కొలిచి ఎంబీలో రాయకపోతే బిల్లు రాదు. తేలిగ్గా కోత పెట్టగలిగేది కూలీ దగ్గర, రక్షణ దగ్గర. పని సబ్ కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి మేస్త్రీకి దిగుతుంది. మేస్త్రీ అడ్డా మీది కూలీలను తీసుకొస్తాడు. మెట్టు మెట్టుకీ కొంత డబ్బు మిగిలిపోతుంది, బాధ్యత మాత్రం కిందికి జారుతుంది.

కొత్త వరద కాలువలో పెద్ద ప్రమాదం ఉండదని కొందరు ఇంజినీర్లు అంటారు. అది సగం నిజం. కొత్తగా కట్టిన కాలువ పొడిగానే ఉంటుంది. దాన్ని పాత కాలువతో కలిపే చోటే ప్రాణం పోయేది. ఏళ్ల తరబడి పూడిక పేరుకుని, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు నిండిన పాత చాంబరు తెరవాలి, అడ్డు తీయాలి. ఆ ఒక్క పనికి గాలి పరీక్ష, జెట్టింగ్ యంత్రం, నీటి మళ్లింపు కోసం ఎస్టిమేటులో విడిగా పద్దు లేకపోతే, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? పద్దు లేని చోట ఒక మనిషిని దింపుతారు. పూడికతీతకు ఘనపు మీటరు లెక్కన డబ్బు చెల్లిస్తే, అది యంత్రం తీసిందా చెయ్యి తీసిందా అని బిల్లు అడగదు.

పేరు వరద కాలువ, పారేది మురుగు

హైదరాబాద్ వాసులకు ఇది బాగా తెలుసు. నగరంలో మురుగునీటి పైపులు 1989 చట్టంతో ఏర్పడిన జలమండలివి. నాలాలు, వరద కాలువలు జీహెచ్‌ఎంసీవి. కాగితం మీద రెండూ వేరు. నాలా దగ్గర నిలబడితే ఆ తేడా కనిపించదు, వాసనే చెబుతుంది. 2020 అక్టోబరు వరదల తర్వాత మొదలైన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం తొలి దశకు సుమారు రూ.985 కోట్లు కేటాయించారు. ఆ డబ్బుతో కట్టేది వాననీటి దారి. అందులోకి చేరేది మాత్రం ఇళ్ల మురుగు కూడా.

ఈ రెండు పేర్ల మధ్యే చట్టాన్ని తప్పించుకునే దారి ఉంది. 2013 నాటి చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులను రక్షణ లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. ‘ఇది మురుగు కాలువ కాదు, వాననీటిది’ అనే జవాబు అధికారులకు అందుబాటులో ఉంటుంది. కానీ చట్టం మురుగు కాలువను నిర్వచించింది ఫైలు మీది పేరుతో కాదు, అందులో పారేదానితో. మలంతో పాటు ఇతర వ్యర్థాలను మోసే భూగర్భ మార్గం ఏదైనా మురుగు కాలువే. పారిశుద్ధ్యం లేని మరుగుదొడ్ల మలం చేరే బహిరంగ కాలువను చేతులతో శుభ్రం చేయించినా అది మాన్యువల్ స్కావెంజింగే.

సెక్షన్ 7లో ఇంకో మాట ఉంది. నేరుగా గానీ, పరోక్షంగా గానీ ఎవరినీ ఆ పనిలో పెట్టరాదు. స్థానిక సంస్థకూ అది వర్తిస్తుంది. ‘మేం దింపలేదు, కాంట్రాక్టరు దింపాడు’ అనే మాటకు ఆ ‘పరోక్షంగా’ అనే ఒక్క పదం జవాబు. మొదటిసారి ఉల్లంఘనకే రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా. దళితులను, ఆదివాసులను మాన్యువల్ స్కావెంజింగ్‌లో పెడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. ఢిల్లీలో శాఖ మీదే జరిమానా పడింది కాబట్టి మనం ఆ తీర్పును పట్టుకోవాలి. అయితే జరిమానా శాఖ ఖజానా నుంచి, అంటే ప్రజల డబ్బు నుంచి పోతుంది. సంతకం పెట్టిన అధికారి జేబుకు, కొలువుకు ఏమీ కాదు.

2021 ఆగస్టులో హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు తిరిగి రాలేదు. ఇలాంటి మరణాల వెనక ఉన్న నమూనాను కేంద్రం చేయించిన సామాజిక తనిఖీయే చూపింది. 2022, 2023 సంవత్సరాల నాటి 54 మరణాలను పరిశీలిస్తే 49 చోట్ల కార్మికులకు ఏ రక్షణ పరికరమూ లేదు. 38 మందిని ఎవరో విడిగా కూలికి పిలిచారు. ప్రభుత్వ జీతం మీద ఉన్నవాళ్లు ఐదుగురే. చనిపోయిన కుటుంబానికి రూ.30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మస్టరులో పేరే లేని మనిషి ఆ పనిలోనే చనిపోయాడని అతని భార్య ఎలా నిరూపించాలి?

1,171లో ఒక్కరు

కులం కాలువ అడుగున మాత్రమే లేదు. టెండరు పెట్టె దగ్గరా ఉంది. ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన దాదాపు 38 వేల మంది మురుగు కార్మికుల్లో సుమారు 69 శాతం ఎస్సీలు. ఎస్టీ, ఓబీసీలను కలిపితే 92 శాతం దగ్గరికి వస్తుంది. మరి కాంట్రాక్టర్ల జాబితాలో మన శాతం ఎంత?

ఈ ప్రశ్న మొదట వేసింది బాబాసాహెబ్. 1942 అక్టోబరులో వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన ఉద్యోగాల గురించే కాదు, ప్రభుత్వ పనుల కాంట్రాక్టుల గురించీ రాశారు. కేంద్ర ప్రజాపనుల శాఖ 1,171 మంది కాంట్రాక్టర్లలో షెడ్యూల్డ్ కులాల వ్యక్తి ఒకే ఒక్కరని లెక్కతో చూపారు.

ఎనభై ఏళ్లు దాటాయి. కర్ణాటక చట్టం చేసి రూ.50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది. 2023లో ఆ పరిమితిని కోటి రూపాయలకు పెంచింది. కేంద్రం 2012 విధానంలో ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలంది, కానీ అది సరుకులకు, సేవలకే. కాలువలు, భవనాల నిర్మాణం అందులోకి రాదు. చిన్న చిన్న పనులన్నీ ఒక ప్యాకేజీగా కట్టి కోట్ల రూపాయల టెండరు పిలిస్తే కోటి లోపు రిజర్వేషన్ ఉన్నా లేనట్టే. టర్నోవర్ నిబంధన తరతరాల ఆస్తిని అడుగుతుంది. అది మన దగ్గర ఎందుకు లేదో వేరే చెప్పనక్కర్లేదు.

2017లో హైదరాబాద్ జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి ప్రవేశపెట్టి, వాటి యజమానులుగా ఎస్సీ, ఎస్టీలకు అవకాశం ఇచ్చింది. 2019లో ఢిల్లీ అదే బాట పట్టింది. అది మంచి అడుగే. ప్రాణాలు కాపాడే అడుగు. అయినా ఒక మాట అడగాలి. శుభ్రం చేసే కాంట్రాక్టులో మనకు చోటు గుర్తొచ్చిన ప్రభుత్వానికి, కట్టే కాంట్రాక్టులో ఎందుకు గుర్తు రాదు? యంత్రం వచ్చినా పని పాత కులానికే అంటుకుని ఉండాలా?

ఈ రెండు డిమాండ్లనూ కలిపేయకూడదు. దళిత కాంట్రాక్టరు వచ్చినంత మాత్రాన దళిత కూలీ కాలువలో దిగడం ఆగదు. మన లైసెన్సు మీద బినామీలు పనులు చేసుకోవడమూ చూస్తున్నాం. పనిలో వాటా ఒక హక్కు, ప్రాణానికి భద్రత ఇంకో హక్కు. ఒకటి చూపి రెండోది వదులుకోమంటే ఒప్పుకోలేం.

మనం చేయగలిగింది

విద్యార్థి మిత్రులు తమ యూనివర్సిటీ, ఆసుపత్రి, కలెక్టరేట్ దగ్గర కాలువ పని మొదలైతే సమాచార హక్కు చట్టం కింద నాలుగు కాగితాలు అడగండి: ఎస్టిమేటు, ఒప్పంద పత్రం, ఎంబీ నకలు, కార్మికుల మస్టరు. పాత కాలువతో కలిపే పనికి, పూడికతీతకు యంత్రాల పద్దు ఉందో లేదో చూడండి. పద్దు ఉండి యంత్రం రాకపోతే అది దోపిడీ. పద్దే లేకపోతే మనిషిని దింపాలని ముందే నిర్ణయించినట్టు. ప్రమాదం జరిగాక కాదు, పని మొదలైన రోజే అడగాలి.

సంఘాలుగా మనం అడగాల్సినవి ఇవి. వరద కాలువ టెండర్లన్నిటిలో యంత్రాల ఖర్చును ఎల్-1 బేరానికి అందని విడి పద్దుగా పెట్టాలి. సబ్ కాంట్రాక్టు కూలీల పేర్లు కూడా మస్టరులో ఉంటేనే బిల్లు పాస్ చేయాలి. ఉల్లంఘన జరిగితే ఒప్పందం మీద సంతకం పెట్టిన అధికారి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉండాలి. నిర్మాణ పనుల్లో ఎస్సీ, ఎస్టీ వాటాను ప్యాకేజీల మాటున ఎగ్గొట్టకుండా చట్టం చేయాలి. ప్రతి నగరపాలక సంస్థ తన కాంట్రాక్టర్ల సామాజిక వర్గాల లెక్క ఏటా బయటపెట్టాలి.

ఆ ఆఖరి లెక్కను 1942లో వలస ప్రభుత్వం ముందు అంబేడ్కర్ పెట్టగలిగారు. ఇవాళ మనం ఎన్నుకున్న నగరపాలక సంస్థలు ఎందుకు పెట్టలేవో ముందు వాటినే చెప్పమందాం.