దించినంత కొలిచి పోయండి



కొన్ని మాసముల క్రితం గుంటూరు జిల్లా నుండి ఒక సహోదరి మన శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఆమె భర్తగారికి ఎడమ మోకాలికి ఆపరేషన్ జరిగింది. తరువాత క్లచ్ తొక్కడం ఆయనకు కష్టమైంది. అందుచేత ఉన్న బండిని అమ్మి, 2010 మోడల్ హోండా సివిక్ ఆటోమేటిక్ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆటోమేటిక్ బండిలో ఎడమ కాలికి పని ఉండదు కదా! ఆ కారు ఉన్నందుననే ఆయన మరొకరి సహాయం లేకుండా ఉద్యోగానికి వెళ్ళివస్తున్నారు.

ఇప్పుడది 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు వస్తున్నది. ఒక మెకానిక్ "గేర్‌బాక్సు ఆయిల్ ముట్టుకోకండమ్మా, మారిస్తే బండి ఆగిపోతుంది" అన్నాడట. మరొక షెడ్డులో "మెషిన్ పెట్టి మొత్తం కడిగేయాలి" అని చాలా డబ్బు అడిగారట. "అన్నయ్యగారూ, ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? మా అబ్బాయి ఇంటి దగ్గర తానే మారుస్తానంటున్నాడు. చేయనివ్వవచ్చా? ఈ బండి పాడైతే మరొకటి కొనే స్తోమత మాకు లేదు" అని ఆమె అడిగారు.

అమ్మా, ఆ మెకానిక్ భయములో కొంత నిజము ఉన్నది. మీ అబ్బాయి ధైర్యములో కూడా కొంత నిజము ఉన్నది. ఆమెకు నేను వ్రాసిన జవాబును, మనలో చాలామందికి పనికివస్తుందని, వారి అనుమతితో ఇక్కడ వివరంగా ఇస్తున్నాను.

ముందుగా ఈ ఆయిల్ ఏమి పని చేస్తుందో తెలుసుకుందాము. రెండు టేబుల్ ఫ్యానులు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేస్తే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్ కారులో ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ ఇంచుమించు అలాగే పని చేస్తుంది. అక్కడ గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. అదే ఆయిల్ పంపు ఒత్తిడితో లోపలి క్లచ్ పలకలను బిగించి గేర్లు మారుస్తుంది. పళ్ళచక్రాలు అరగకుండా కాపాడుతుంది. వేడిని మోసుకొని బయటకు తెస్తుంది. మామూలు గేరు బండిలో నూనె చేసే పని ఒకటైతే, ఇక్కడ నాలుగు.

ఈ పలకలు జారకూడదు, అలాగని ఒక్కసారిగా పట్టేయకూడదు. ఆ పట్టు సాఫీగా ఉండడానికి ఆయిల్‌లో ప్రత్యేక పదార్థములు కలుపుతారు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ వారు హైడ్రామేటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు తెచ్చిన తరువాత ఇటువంటి బండ్లు అమెరికాలో విరివిగా వచ్చాయి. వాటి ఆయిల్‌లో చాలాకాలం స్పెర్మ్ తిమింగలము నూనె కలిపేవారు. 1970ల ఆరంభములో అక్కడ ఆ నూనె వాడకాన్ని నిషేధించిన తరువాత దానికి బదులు రసాయనములు వచ్చాయి. ఏది కలిపినా, వేడికి, అరుగుదలకు ఆ పదార్థముల శక్తి క్రమేణా తగ్గిపోతుంది. ఆయిల్ మార్చవలసిన కారణము ఇదే.

మరి మారిస్తే బండి ఆగిపోతుందన్న మాట ఎలా పుట్టింది? చాలామంది గేర్లు జారడం మొదలైన తరువాతనే ఆయిల్ గూర్చి ఆలోచిస్తారు. అప్పటికే పలకలు అరిగిపోయి ఉంటాయి. కొత్త ఆయిల్ అరిగిన పలకను మళ్ళీ మందము చేయలేదు. వారం తిరిగేసరికి బండి ఆగుతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. కాబట్టి పానా పట్టుకొనక ముందు డిప్‌స్టిక్ తీసి, తెల్లని గుడ్డమీద తుడిచి చూడండి.

ఎరుపుగాని, టీ డికాక్షన్ రంగుగాని ఉండి మాడు వాసన లేకపోతే మీరే మార్చుకొనవచ్చును. నల్లగా ఉండి, మాడిన వాసన వస్తూ, యాక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తూ బండి ముందుకు సాగకపోతే, అది ఇంటి దగ్గర చేసే పని కాదు. గేర్‌బాక్సు విప్పడం తెలిసిన మెకానిక్‌కు చూపించండి. ఒకవేళ గులాబీ రంగు పాలవలె కనిపిస్తే, రేడియేటర్ నీళ్ళు ఆయిల్‌లో కలిశాయని అర్థం. అటువంటి బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు.

ఇక్కడ నా స్వంత తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నేను ఇదే తరహా కారుకు ఇంజను ఆయిల్ మార్చబోయి, కిందకు దూరి, చేతికి మొదట అందిన ప్లగ్ విప్పాను. పాత ఆయిల్ నల్లబడి ఉన్నందున నాకు అనుమానం రాలేదు. పైనుండి మూడున్నర లీటర్ల కొత్త ఇంజను ఆయిల్ పోశాను. మరునాడు ఉదయం మా నాన్నగారిని కంటి ఆపరేషన్‌కు తీసుకొని వెళ్ళాలి. ఆయన కూర్చున్నారు, నేను గేరు వేశాను. ఇంజను మ్రోగింది గాని బండి కదలలేదు. నేను దించినది గేర్‌బాక్సు ఆయిల్! ఇంజనులో పాతదీ కొత్తదీ కలిసి రెట్టింపు ఉన్నది. నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా దిగి ఆటో ఎక్కారు. దించినదానిని ఆ రాత్రి కొలిచి ఉంటే రెండున్నర లీటర్లే వచ్చిందని, ఇది ఇంజనుది కాదని అప్పుడే తెలిసేది. నాటి నుండి నేను కొలవకుండా ఏ ఆయిల్ పారబోయలేదు.

సివిక్‌లో ఈ రెండు ప్లగ్‌లకు తేడా సులభముగానే తెలుస్తుంది. ఇంజను ప్లగ్ 17 మిల్లీమీటర్ల పానాకు పట్టే మామూలు బోల్టు. గేర్‌బాక్సు ప్లగ్‌కు మధ్యలో నలుచదరపు రంధ్రము ఉంటుంది. అందులో మూడు బై ఎనిమిది అంగుళాల రాట్చెట్ కొన సరిగ్గా కూర్చుంటుంది.

ఇక పని క్రమము చూద్దాము.

1. సరియైన ఆయిల్ కొనండి. ఈ సివిక్‌కు హోండా వారు మొదట జెడ్-1 అనే ఆయిల్ చెప్పేవారు. తరువాత దాని స్థానములో డి.డబ్ల్యు-1 వచ్చింది. టొయోటాకు, హ్యుందాయ్‌కి వారి వారి రకములు వేరు. సి.వి.టి. అనే గేర్‌బాక్సుకు వేరే ఆయిల్ ఉన్నది. 2014లో మారుతి సెలేరియోతో మన దేశములో మొదలైన ఏ.ఎం.టి. బండ్లలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, దానికి పోసేది గేర్ ఆయిలే. "అన్నిటికీ ఇదే పోస్తాం సార్" అన్న దుకాణదారుని మాట వినవద్దు. బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.

2. బండిని చదునైన గచ్చుమీద నిలపండి. అయిదు, పది నిమిషాలు నడిపి వస్తే ఆయిల్ గోరువెచ్చగా ఉండి బాగా దిగుతుంది. మరీ కాగిన ఆయిల్ చేతిని కాలుస్తుంది. పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టండి.

3. జాకీని మాత్రమే నమ్మి ఎవ్వరూ బండి కిందకు దూరవద్దు. జాకీ టైరు మార్చడానికే గాని మనిషి ప్రాణము కాయడానికి కాదు. పుస్తకములో చూపిన చోట రెండు జాకీ స్టాండ్లు పెట్టి, బండిని చేతితో ఊపి చూసి, అప్పుడే కిందకు వెళ్ళండి. ఇటుకలు, కొబ్బరి మొద్దులు పనికిరావు. ఇంటిలో మరొకరు దగ్గర ఉండవలెను.

4. పోసే దారి ముందు తెరవండి, దించే దారి తరువాత. సివిక్ గేర్‌బాక్సు మీద ఏ.టి.ఎఫ్. అన్న అక్షరములు ఉన్న 17 మిల్లీమీటర్ల బోల్టు ఉంటుంది. అది ఊడివస్తుందని చూసుకొన్న తరువాతనే కింది ప్లగ్ ముట్టుకొనండి. లేకపోతే ఉన్న ఆయిల్ దిగిపోయి, కొత్తది పోసే మార్గము లేక బండి అక్కడే కూర్చుంటుంది. ఆ బోల్టు దగ్గరకు చెయ్యి పోకపోతే డిప్‌స్టిక్ రంధ్రములో సన్నని గరాటు పెట్టి పోయవచ్చును.

5. వెడల్పాటి బేసిన్ పెట్టి ప్లగ్ విప్పండి. ప్లగ్ చివర అయస్కాంతము ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకొని ఉంటే కంగారుపడవద్దు, అది సహజమైన అరుగుదల. తుడిచివేయండి. లోహపు పెచ్చులు, ముక్కలు కనిపిస్తే మాత్రము అవి దాచి మెకానిక్‌కు చూపించండి.

6. ధార ఆగి చుక్కలు పడేవరకు ఆగండి. కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగించండి. టార్క్ రెంచ్ ఉన్నవారికి లెక్క 49 న్యూటన్ మీటర్లు. లేనివారు గట్టిగా బిగించండి గాని, పైపు తొడిగి బలమంతా చూపవద్దు. గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియముది, మరలు తెగితే ఆ ఖర్చు చాలా పెద్దది.

7. దించిన ఆయిల్‌ను కొలతలు గీసిన పాత సీసాలలోనికి వంచి, చల్లారిన తరువాత కొలవండి. వేడి ఆయిల్ కొంచెము ఉబ్బి ఉంటుంది. ఈ కారులో సుమారు రెండున్నర లీటర్లు రావాలి. వచ్చినంతే కొత్తది పోయండి.

8. బండిని నేలకు దించిన తరువాతనే స్టార్ట్ చేయండి. స్టాండ్ల మీద ఉండగా గేరు వేయవద్దు. బ్రేకు గట్టిగా తొక్కి, లీవరును ఒక్కొక్క స్థానములో కొన్ని క్షణములు ఉంచి మళ్ళీ పార్కింగ్‌కు తెండి. రేడియేటర్ ఫ్యాను తిరిగేంత వేడెక్కనిచ్చి, చదునైన చోట ఇంజను ఆపి, ఒక నిమిషము తరువాత, ఒకటిన్నర నిమిషము లోపల డిప్‌స్టిక్ చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండవలెను. ఇది హోండా పద్ధతి. టొయోటా మొదలైన అనేక బండ్లలో ఇంజను నడుస్తుండగానే చూస్తారు. అసలు డిప్‌స్టిక్ లేని కొత్త బండ్లలో నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద కొలవాలి. అవి ఉన్నవారు ఈ పనిని షెడ్డుకే వదలడం మంచిది.

ఇప్పుడు మెషిన్ పెట్టి కడగడం సంగతి. ఒకసారి ప్లగ్ విప్పితే మొత్తము ఆయిల్ రాదు. టార్క్ కన్వర్టర్‌లోను, గొట్టాలలోను చాలా మిగిలిపోతుంది. లోపల మొత్తము ఆరు లీటర్లు ఉన్నదనుకొనండి. రెండున్నర మార్చితే కొత్తది నూటికి 42 పాళ్ళు. మళ్ళీ అలాగే చేస్తే 66, మూడవసారికి 80. ఎంతోకాలము మార్చని బండికి ఇలా రెండు, మూడు వారాల ఎడముతో కొంచెము కొంచెముగా మార్చడమే నాకు మేలుగా తోస్తుంది. మొదటిసారి తరువాత తేడా ఎలా ఉన్నదో చూసి, రెండవసారికి వెళ్ళవచ్చును. ఏదైనా తేడా వస్తే ఆగవచ్చును కూడా.

దించిన పాత ఆయిల్‌ను కాలువలో పోయవద్దు. చెదలు పట్టకుండా దూలాలకు పూయడం, పశువుల పుండ్లకు రాయడం మన ఊళ్ళలో అలవాటు. అది చర్మానికి, నేలకు, నీళ్ళకు కూడా హాని. మూత బిగించి, పాత ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి. పిల్లలు శీతలపానీయమనుకొని త్రాగకుండా సీసామీద పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టండి.

ఇంతకూ ఆ కుటుంబము ఏమి చేసింది? గత మాసము ఆ సహోదరి నుండి రెండవ ఉత్తరము వచ్చింది. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ డికాక్షన్ రంగులో ఉన్నది, మాడు వాసన లేదు. అబ్బాయి కింద పని చేస్తుంటే తండ్రిగారు కుర్చీ వేసుకొని కూర్చుని ఒక్కొక్క అంశము పైకి చదివారట. మూడుసార్లు మార్చారు. మొదటిసారి 2 లీటర్ల 400 మిల్లీలీటర్లు వచ్చిందని అబ్బాయి నోటుపుస్తకములో వ్రాసుకొన్నాడు. "కుదుపు చాలా తగ్గింది గాని పూర్తిగా పోలేదు, అన్నయ్యగారూ. ఆయన రోజూ బండి తీస్తున్నారు" అని వ్రాశారు.

అమ్మా, పూర్తిగా పోకపోవచ్చును. 1,10,000 కిలోమీటర్ల అరుగుదలను మూడు డబ్బాల ఆయిల్ వెనక్కు తిప్పలేదు. ఇకముందు అరుగుదలను నెమ్మది చేయగలదు, అంతే. ఆ నోటుపుస్తకమును మాత్రము బండిలోనే ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, దించినది, పోసినది వ్రాస్తూ ఉండండి. నేను నా బండికి 40,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను. మీరూ ఆ లెక్క పెట్టుకొనవచ్చును. కుదుపు మళ్ళీ పెరిగితే ఆలస్యము చేయక మెకానిక్‌కు చూపించి, ఆ పుస్తకము కూడా ఆయన చేతిలో పెట్టండి.

వచ్చే మాసము బ్రేకు ఆయిల్ గూర్చి తెలుసుకుందాము. మీ సందేహములు వ్రాసేటప్పుడు బండి మోడల్, సంవత్సరము, తిరిగిన కిలోమీటర్లు తప్పక వ్రాయండి.