ఇంటి నుంచా, హాస్టల్ నుంచా? ముందు నిద్ర లెక్క చూడండి

ఎప్‌సెట్, దోస్త్ కౌన్సెలింగ్‌లు మొదలయ్యాయంటే మా ఓపీలో జ్వరాలతో పాటు ఒక ప్రశ్న కూడా వస్తుంది. "డాక్టర్ గారూ, అమ్మాయికి దూరంగా సీటొచ్చింది. రోజూ ఇంటి నుంచి పంపమంటారా, హాస్టల్లో వేయమంటారా?" ఇది డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నేనా అని మొదట్లో నాకూ అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. ఈ నిర్ణయం పిల్లల ఒంటి మీద ఏం చేస్తుందో రెండేళ్ల తర్వాత మళ్లీ మేమే చూస్తున్నాం కాబట్టి.

జహనుమా నుంచి ఒక తండ్రి తన కూతుర్ని తీసుకొచ్చారు. బీటెక్ రెండో ఏడాది, కాలేజీ కూకట్‌పల్లి వైపు. తలనొప్పి, కళ్లు తిరగడం, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఆడపిల్లలకు కనీసం 12 ఉండాలి. మందులు రాసే ముందు ఆమె దినచర్య అడిగాను. ఉదయం అయిదింటికి లేస్తుంది. ఆరుంపావుకు ఇంజన్‌బౌలి దగ్గర బస్సు. శాలిబండ, మదీనా దాటి అఫ్జల్‌గంజ్‌లో దిగి, ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, మళ్లీ దిగి షేర్ ఆటో. కాలేజీకి చేరేసరికి రెండు గంటలు దాటుతుంది. సాయంత్రం అదే దారి, ట్రాఫిక్ ఇంకాస్త ఎక్కువ. ఏడున్నరకు ఇల్లు. రికార్డులు, అసైన్‌మెంట్లు పూర్తిచేసి పడుకునేసరికి పన్నెండు. అంటే అయిదు గంటల నిద్ర. పొద్దున ఏం తింటావమ్మా అంటే, "చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు" అంది. మధ్యలో టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం వరకు నీళ్లు కూడా సరిగా తాగదు.

అదే నెలలో అదే బస్తీ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అతనిదీ దూరపు కాలేజీయే. అబ్బాయి కదా అని మొదటి రోజే ప్రైవేటు హాస్టల్లో వేశారు. ప్రయాణం లేదు, కాలేజీ నడిచివెళ్లే దూరం. అయినా కళ్లు పచ్చబడి, వాంతులతో వచ్చాడు. కామెర్లు, హెపటైటిస్-ఎ. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చేది. రాత్రి ఎన్నింటికి పడుకుంటావంటే నవ్వి, "మూడు" అన్నాడు. రూములో నలుగురు, నాలుగు ఫోన్లు.

ఇల్లు మంచిదా, హాస్టల్ మంచిదా అంటే నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఈ ఇద్దరే. ప్రశ్నను కొంచెం మార్చుకుందాం. మీ బిడ్డ ఎక్కడుంటే రోజూ ఏడు గంటలు నిద్రపోతుంది? ఎక్కడుంటే మూడు పూటలా వేళకు తింటుంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతా నిర్ణయం చాలావరకు తేలిపోయినట్టే.

నిద్ర నుంచే ఎందుకు మొదలుపెట్టాలి?

18 నుంచి 25 ఏళ్ల వారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. ఇంటర్ పూర్తిచేసి పద్దెనిమిది నిండకుండా చేరేవాళ్లకైతే 8 నుంచి 10 గంటలు. పైగా ఈ వయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోన్ పెద్దవాళ్లలో కన్నా ఆలస్యంగా విడుదలవుతుంది. "తొమ్మిదింటికే పడుకోరా" అని ఎంత చెప్పినా వాళ్లకు నిద్ర రాకపోవడం అంతా మొండితనం కాదు. పడుకునే వేళను మనం ముందుకు జరపలేం, లేచే వేళను మాత్రం బస్సు ముందుకు లాగేస్తుంది. మధ్యలో నలిగేది నిద్రే.

"వయసులో ఉన్నారు, తట్టుకుంటారు" అంటారు తల్లిదండ్రులు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవారిని వరుసగా రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చి చూశారు. చివరికి వాళ్ల ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివారి స్థాయికి పడిపోయింది. అంతకన్నా ఆలోచించాల్సిన విషయం, తాము అంతగా దెబ్బతిన్నామని వాళ్లకే తెలియలేదు. మన పిల్లలు కూడా "నాకేం కాలేదు, బాగానే ఉన్నా" అంటారు. అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు తెలియడం లేదంతే.

చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర తగ్గితే చిరాకు, ఆకలిలో మార్పులు, తరచూ జలుబులు, తలనొప్పులు. ఆదివారం పదకొండింటి దాకా పడుకుంటే ఆ బాకీ పూర్తిగా తీరదు. సోమవారం పొద్దున లేవడం ఇంకా కష్టమవుతుంది.

ఒక వారం లెక్క రాయండి

కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. జహనుమాలోని ఒకే ఇంటి నుంచి మూడు కాలేజీలకు వెళ్లడం మూడు రకాలుగా ఉంటుంది. ఉస్మానియా క్యాంపస్‌లో సీటు వస్తే ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి జామియా ఉస్మానియాలోనో, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లోనో దిగొచ్చు. రైలు వేళ క్లాసు వేళకు కుదిరితే ఇంటి నుంచి వెళ్లడమే మేలు. నయాపూల్ దగ్గరి సిటీ కాలేజీకో, కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికో అయితే ఆలోచించాల్సిన పనే లేదు. కూకట్‌పల్లి, ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్ వైపు అయితే లెక్క మారిపోతుంది. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. అది వచ్చాక ఈ లెక్క మళ్లీ మారొచ్చు. కానీ ఇప్పుడు కాలేజీలో చేరే పిల్లలు దానికోసం ఆగలేరు కదా.

అందుకే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే పిల్లతోనో, పిల్లాడితోనో కలిసి ఒకసారి ఆ దారిలో వెళ్లి రండి. ఆదివారం కాదు, పనిదినం పొద్దున కాలేజీ వేళకు. గడప దాటిన దగ్గర్నుంచి క్లాసు గది తలుపు వరకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఎన్ని చోట్ల మారాల్సి వచ్చింది, కూర్చోవడానికి సీటు దొరికిందా, సాయంత్రం చీకటిపడ్డాక నడవాల్సిన దారి ఎలా ఉంది, ఇవీ చూడండి.

ఇప్పటికే కాలేజీలో ఉన్నవాళ్లయితే ఒక వారం పాటు రాసుకుంటే చాలు. రోజుకు 24 గంటలు. కాలేజీకి ఏడు, నిద్రకు ఏడున్నర, స్నానం, తిండి, ఇంటి పనులకు మూడు తీసేస్తే మిగిలేవి ఆరున్నర గంటలు. ప్రయాణానికి నాలుగున్నర పోతే చదువుకు, ఆటకు, అమ్మతో నాలుగు మాటలు మాట్లాడడానికి అన్నిటికీ కలిపి రెండు గంటలు. ఆ రెండు చాలవు. అప్పుడు నిద్రలోంచి తీసుకుంటారు.

నేను ఓపీలో చెప్పే కొండగుర్తు ఇది. పోనురాను కలిపి రెండు గంటల లోపైతే ఇంటి నుంచే పంపండి. రెండు నుంచి మూడు గంటలైతే, ఏడు గంటల నిద్ర, పొద్దున టిఫిన్ తప్పడం లేదంటేనే కొనసాగించండి. మూడు దాటితే దగ్గర్లో ఉంచే ఆలోచన గట్టిగా చేయండి. ఇది చట్టమేమీ కాదు. ఆస్తమా, మూర్ఛ, టైప్-1 మధుమేహం లాంటివి ఉన్న పిల్లలకు ఈ గీత ఇంకా ముందే గీయాల్సి రావచ్చు, లేదా ఇంట్లోనే ఉంచాల్సి రావచ్చు. వాళ్లను చూసే డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

"బస్సు ఫ్రీ కదా" అనేవాళ్లకు

2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఎందరో అమ్మాయిల చదువు ఆగకుండా చూసిన మంచి పథకం అది. అయితే టికెట్ లేదు కాబట్టి ప్రయాణానికి ఖర్చే లేదనుకోవద్దు. ఆ ఖర్చు నిద్రలో, తిండిలో పడుతోంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలే అంచున ఉన్న పిల్ల టిఫిన్ మానేసి చాయ్‌తో సరిపెట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తిండితో పాటు, తిన్న వెంటనే తాగే టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. దానికి తోడు నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ ఉంటే యూరిన్ ఇన్ఫెక్షన్లు.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెప్తాను. అబ్బాయికైతే హాస్టల్, అమ్మాయికైతే నాలుగు గంటల ప్రయాణం అనే పద్ధతి మన ఇళ్లలో ఉంది. భయం నాకు అర్థమవుతుంది. కానీ చీకటితో లేచి చీకటిపడ్డాక ఇల్లు చేరడంలో భద్రత ఎంత? మంచి కాలేజీ హాస్టల్లో ఉండడంలో ఎంత? రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అబ్బాయికి వేసిన లెక్కే అమ్మాయికీ వేయండి. దూరమని మంచి సీటు వదిలేయించడం, చదువే మాన్పించడం మాత్రం చేయకండి.

ఇక బైకు కొనిచ్చి సమస్య తీరిందనుకునేవాళ్లు. 5 నుంచి 29 ఏళ్ల వారి ప్రాణాలు తీస్తున్న కారణాల్లో మొదటిది రోడ్డు ప్రమాదాలే అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. నిద్ర చాలని కుర్రాడు రోజూ నలభై, యాభై కిలోమీటర్లు బండి నడపడం నేను ఒప్పుకోలేను. తప్పనిసరైతే హెల్మెట్ నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ ఉండాలి. అది మరణ ముప్పును దాదాపు 40 శాతం తగ్గిస్తుంది.

హాస్టల్లో వేసే ముందు

హాస్టల్లో వేయడమంటే ఫీజు కట్టి పెట్టె దించి రావడం కాదు. ముందుగా వెళ్లి చూడండి. తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ట్యాంకు ఎప్పుడు కడుగుతారు, వంటగది ఎలా ఉంది, ఎంతమందికి ఒక బాత్రూము, కిటికీలకు దోమతెర ఉందా, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, వార్డెన్ అక్కడే ఉంటారా, మంటలు లేస్తే బయటపడే రెండో దారి ఉందా? అక్కడున్న పిల్లల్ని ఇద్దర్ని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, హెపటైటిస్-ఎ టీకా చేరడానికి ముందే వేయించండి. చికెన్‌పాక్స్ ఇంతకుముందు రాకపోయినా, టీకా పడకపోయినా దాని గురించీ అడగండి. ఆ అబ్బాయికి ఒక టీకా పడి ఉంటే నెల రోజుల చదువు పోయేది కాదు.

ర్యాగింగ్ ఎదురైతే చెప్పుకోవడానికి 1800-180-5522 నంబరు ఉంది. దిగులు, భయం, నిద్ర పట్టకపోవడం ఎక్కువైతే 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ పిల్లల ఫోన్లో ముందే పెట్టండి. రోజూ ఫోన్ చేసినప్పుడు మార్కుల కన్నా ముందు "తిన్నావా, రాత్రి పడుకున్నావా" అని అడగండి.

హాస్టల్ లేదా ఇల్లు, ఈ రెండే దారులని కూడా అనుకోవద్దు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ, శని, ఆదివారాలు ఇంట్లో ఉండొచ్చు. పెద్దమ్మ ఇల్లో, మేనమామ ఇల్లో దగ్గర్లో ఉంటే అడగొచ్చు. ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలు కలిసి ఒక గది తీసుకోవచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఒక సెమిస్టరుకే అనుకోండి. సెమిస్టరు అయ్యాక నిద్ర, బరువు, హిమోగ్లోబిన్, మనసు ఎలా ఉన్నాయో చూసి మళ్లీ నిర్ణయించుకోండి. వెనక్కి రావడం ఓటమి కాదు.

ఇంటి నుంచే పంపక తప్పదు అనేవాళ్లూ ఉంటారు. హాస్టల్ ఫీజు అందరికీ అందేది కాదు. అలాంటప్పుడు రాత్రే బ్యాగు, బట్టలు సర్దేసుకోవాలి. దారిలో తినడానికి ఉడికించిన గుడ్డు, పల్లీలు, అరటిపండు లాంటివి పెట్టండి. మధ్యాహ్నం డబ్బాలో పప్పు, ఆకుకూర ఉండాలి, పైన నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. మెట్రోలో సీటు దొరికితే ఫోన్ పక్కనపెట్టి కళ్లు మూసుకోవడం మేలు. ఇంటికొచ్చాక ఆ పిల్ల మీద ఇంటి పని భారం వేయకండి. రాత్రి పదకొండు దాటితే పుస్తకం మూయించండి.

ఆ జహనుమా అమ్మాయి తండ్రి వారం లెక్క కాగితం మీద రాసి తెచ్చారు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. "ఇంట్లో ఉంటే నా కళ్ల ముందు ఉంటుందనుకున్నా డాక్టర్ గారూ. ఈ లెక్క చూస్తే అది మేలుకుని నా ముందున్నది రోజుకు గంట కూడా లేదు" అన్నారు. ఒక సెమిస్టరుకు కాలేజీ హాస్టల్లో వేశారు. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తుంది. ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుంది. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.4. అందులో మాత్రల వాటా ఎంత, తిండి వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అని నేను విడదీసి చెప్పలేను. మాత్రలు ఇంకొన్నాళ్లు వాడమన్నాను. "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "పదకొండున్నరకు. ఏడింటికి లేస్తున్నా" అంది.

కాలేజీలో చేరేముందు మీ ఇంట్లోనూ ఒక కాగితం తీసి ఆ లెక్క రాయండి.