పేటపై మోపిన నేరము

న్యాయస్థానమున మనుష్యునిపై నేరము మోపుదురు గాని పేటపై మోపరు. ముద్దాయికి పేరుండవలెను, చేసిన పనికి తేదీ యుండవలెను, చూచిన సాక్షి బోనెక్కవలెను. ఐరోపా నగరములలో ముస్లిము వలసదారులు కాపురముండు బీదపేటల విషయమున మాత్రము ఈ నియమములేవియు పాటింపబడుట లేదు. ప్యారిసు శివారు పేటల పేరు గాని, బ్రస్సెల్సులోని మోలెన్‌బేక్ పేరు గాని చెవిని బడగానే, అవి పోలీసులైనను కాలిడజాలని చోట్లని తీర్పు ముందే సిద్ధమై యుండును. ఆ తీర్పునకు ఆధారమేమో విచారింతము.

ఫ్రాన్సు ప్రభుత్వము 1996లో ఒక శాసనము చేసి, నిరుద్యోగము ప్రబలి, ఇండ్లు శిథిలమై, సర్కారు సాయము కావలసిన 751 పేటల పట్టికను సిద్ధపఱచెను. అది ఋణపత్రము వంటిది. ఈ ప్రజలకు తాను బాకీపడి యున్నానని ప్రభుత్వమే వ్రాసి యిచ్చినట్లయ్యెను. పదేండ్లు గడచునప్పటికి అమెరికా వ్యాఖ్యాత డేనియల్ పైప్స్ ఆ పట్టికనే చేతబట్టి, ఇవి ప్రవేశింపరాని 751 మండలములని 2006లో ప్రకటించెను. బాకీల పట్టిక భయముల పట్టిక యైనది! ఆయన 2013లో అట్టి పేటలను కొన్నింటిని స్వయముగా తిరిగి చూచి, ఆ మాట వాడినందుకు విచారము తెలిపెను. ఆ నిజాయితీకి నమస్కారము. చూచుట ముందును, వ్రాయుట వెనుకను జరిగియుండినచో మఱింత బాగుండెడిది.

ఆయన వెనుదీసినను పుకారు వెనుదీయలేదు. 2015 జనవరిలో ఫాక్స్ న్యూస్ అను అమెరికా టెలివిజను సంస్థలో ఒక అతిథి, ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరము సంపూర్ణముగా ముస్లిములదే యనియు, ఇతరులు అచటికి పోనే పోరనియు పలికెను. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ నగరమున ముస్లిములు ఐదవ వంతునకు కొంచెము మాత్రమే ఎక్కువ! ఆ సంస్థ ఆ నెలలోనే క్షమాపణ చెప్పుకొనెను. అసత్యమును విన్నవారిలో ఎందఱు క్షమాపణను వినిరో!

ఇక ఒక్క ఊరి సంగతి చూతము. క్లిషీ-సూ-బువా ప్యారిసునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. 2005 అక్టోబరు 27న పోలీసులకు వెఱచి విద్యుత్ కేంద్రములో దూఱిన ఇద్దఱు బాలురు అచటనే కరెంటు తగిలి మరణించిరి. పిమ్మట మూడు వారములు దేశమంతట అల్లరులు చెలరేగెను. వేలకొలది వాహనములు బూడిదయ్యెను. దానిని మేము సమర్థింపము. కాలిన బండ్లలో పెక్కు ఆ పేటల బీదలవే. ప్రభుత్వమో, అల్జీరియా స్వాతంత్ర్యసమరమును అణచుటకై 1955లో చేసిన అత్యవసర శాసనమును దుమ్ము దులిపి బయటికి తీసెను. పుట్టుకనే నేరముగా నెంచిన 1871 నాటి నేరస్థజాతుల చట్టము క్రింద నలిగిన దేశమువారము గనుక ఈ పోకడ మనకు క్రొత్త గాదు.

ఇంత భయంకరమని పేరుపడిన ఆ ఊరికి సొంత పోలీసు ఠాణా ఏర్పడినది 2010లో. రాజధానికి అంత చేరువలో నున్నను ట్రాము అచటికి వచ్చినది 2019 డిసెంబరులో. చదువరులారా, అది పోలీసులు పోజాలని చోటా, పోలీసులను నిలుపని చోటా?

ప్రతిపక్షము వాదమును దాచిపెట్టుట వకీలు ధర్మము కాదు. 2015 నవంబరు 13న ప్యారిసులో 130 మందిని పొట్టనబెట్టుకొన్న ముఠాలో మోలెన్‌బేక్ యువకులుండిరి. ముఖ్య నిందితుడు 2016 మార్చి 18న ఆ పేటలోనే పట్టుబడెను. నాలుగు దినములకు బ్రస్సెల్సులో మఱి 32 మంది బలియైరి. ఆ మృతులలో మొరాకో సంతతి ముస్లిము స్త్రీయు కలదు. ఆ హంతకులకు మా సానుభూతి లేశమును లేదు. మత్తుపదార్థముల వర్తకము, ముఠాల కాల్పులు ఇట్టి పేటలు కొన్నింట నిజముగా నున్నవి. పిల్లలను బడికి పంపుటకు జంకు తల్లి ఆ సంగతిని మనకంటె బాగుగ నెఱుగును. కాని మోలెన్‌బేక్ జనులు సుమారు లక్షమంది. గుప్పెడుమంది నేరమునకు లక్షమందిని బోనెక్కించు న్యాయశాస్త్రమును మేమెచ్చటను చదువలేదు.

ఆ పేట పూర్వచరిత్ర ఏమి? కాలువగట్టున కర్మాగారములు లేచి, దానిని చిన్న మాంచెస్టరని పిలిచిన కాలమొకటుండెను. గనులకును యంత్రశాలలకును కూలీలు చాలక బెల్జియము 1964లో మొరాకోతో ఒడంబడిక చేసికొని మనుష్యులను పిలిపించుకొనెను. కర్మాగారములు మూతబడెను, పిలువబడినవారు మిగిలిరి. వారి కొడుకులకు పని దొఱకకున్న, ఆ తప్పు వారి మతముదట!

751 పేటల పట్టిక 2015 జనవరి 1తో ముగిసెను. దాని స్థానమున వచ్చిన క్రొత్త పట్టికకు ఫ్రాన్సు పెట్టుకొన్న కొలబద్ద ఒక్కటే: నివాసుల ఆదాయము. మతము గాని, నేరముల లెక్క గాని అందు చేరలేదు. టెలివిజనులో భయంకరమండలముల కథ మార్మ్రోగినదియు సరిగా ఆ జనవరిలోనే.